పరరాష్ట్రపు వేట, ట్యాగు చీటీలు

(మన సంఘపు ఆదివారపు కూటమిలో చేసిన ప్రసంగపాఠము)



ఈ యేడు మన సభ్యుల యిండ్లలో మూడిండ్లవారు వేర్వేరు సమయములలో వచ్చి మమ్ము ఇంచుమించు ఒకే విషయమును గూర్చి యడిగిరి. కావున అందరి యెదుటను ఒకసారి చెప్పుట మేలని కార్యవర్గమువారు తలంచిరి. విషయము వేట. సంగీతము, సాహిత్యము, పిల్లల చదువులు మాటలాడుకొను ఈ వేదికమీద వేటయేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, కాని వినుడు.

మొదటి యిల్లు ఆండర్సన్‌పేటలోనిది. ఆ తల్లి కుమారుడు అమెరికాలో కొలరాడో రాష్ట్రమున డెన్వరు నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. స్నేహితులతో గూడి పొరుగు రాష్ట్రమగు వయోమింగునకు ఎల్కు వేటకు పోవలెననియు, అందులకు ‘ట్యాగు’ అను చీటీకై దరఖాస్తు పెట్టినాననియు ఫోనులో చెప్పెనట. ఆమె మాయొద్దకు వచ్చి, “ఏమప్పా, ఇక్కడ కుందేలును కొడితేనే కేసు పెడతారే, మావాణ్ణి ఆ దేశంలో జైల్లో వేయరా?” అని యడిగినది. రెండవ యింటివారి అబ్బాయి మూడేండ్లుగా ఇట్టి చీటీకై సొమ్ము కట్టుచున్నాడు, చీటీ మాత్రము రాలేదు. ఇది మోసమా యని వారి సందేహము. మూడవ యింటివారిది కొమ్ముల సంగతి. దానిని కడపట చెప్పెదము.

మేము తుపాకి పట్టినవారము కాము. మా తాతగారు పట్టిరి. గనిలో గుమాస్తా పని చేయుచు, సెలవు దినములలో మందు దట్టించు తుపాకితో తిరిగెడివారు. ఆ కాలపు మాటలు మా యింట కొంత నిలిచియున్నవి. అమెరికా సంగతి తెలియవలెనన్న మొదట మన సంగతి చెప్పుకొనుట సులువు. ఏలయన, పొరుగు రాష్ట్రమున వేటాడుట, అందులకు వేరు చీటీ తెచ్చుకొనుట మన ఊరివారికి క్రొత్త కాదు.

మన బంగారు గనుల పట్టణము మైసూరు సంస్థానపు అంచున నుండెను. బేతమంగళము చెరువునుండి పాలారు వెంట దిగువకు నడచిన చిత్తూరు జిల్లా వచ్చును. దక్షిణమునకు పోయిన నేటి కృష్ణగిరి జిల్లా వచ్చును. అది యానాడు సేలము జిల్లాలోనిది. ఆ రెండు జిల్లాలును మద్రాసు రాజధానిలోనివి. అడవికి ఈ హద్దు తెలియదు. కణితి, దుప్పి, అడవిపంది హద్దురాయి చూచి ఆగవు. కాని వేటగాడు ఆగవలెను. మైసూరులో 1901లో వేటజంతువులను, చేపలను కాపాడుటకు ప్రత్యేకముగా ఒక నిబంధన ఏర్పడెను. మద్రాసు వైపు 1882 నాటి అడవుల చట్టమును, దానిక్రింద చేసిన వేట నియమములును నడచెను. ఇక్కడి చీటీ అక్కడ చెల్లదు. మా తాతగారు కుప్పము వైపు పోవలెనన్న చిత్తూరు జిల్లాలో వేరుగా విన్నవించుకొని, రుసుము కట్టి, ఏ అడవి, ఏ నెల, ఏ జంతువు అనునది వ్రాయించుకొని పోవలసివచ్చెను. తుపాకి లైసెన్సు వేరు, వేట లైసెన్సు వేరు. ఈ రెండును ఒకటేయని తలచి చిక్కులలో పడినవారి కథలు మా యింట నవ్వుచు చెప్పుకొనెడివారు. బెంగుళూరు వాస్తవ్యుడగు కెన్నెత్ ఆండర్సను వ్రాసిన వేట పుస్తకములు చదివినవారికి ఈ ప్రాంతపు అడవులు పరిచితములే. ఆయన మొదటి పుస్తకము 1954లో వెలువడెను. ఆయన మైసూరు హద్దు దాటి జవళగిరికిని, చిత్తూరు జిల్లా మామండూరికిని పోయి వేటాడిన కథలు అందరెరిగినవే. పూర్ణచంద్ర తేజస్వి కన్నడములో వ్రాయగా ఆ కథలు మన పిల్లలు కన్నడ బడిలోనే చదివిరి.

ఈ ఏర్పాటు స్వాతంత్ర్యము తరువాతను కొంతకాలము సాగెను. 1970లో పులివేట దేశమంతట నిలిచిపోయెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టము మొదట వ్రాయబడినపుడు అందులో కూడ వేట లైసెన్సులు ఉండినవని నేటివారికి చాలమందికి తెలియదు. చిన్న జంతువులకు ఒకటి, పెద్ద జంతువులకు ఒకటి, విశేష జంతువులకు ఒకటి. లైసెన్సుదారుడు తాను కొట్టినదానిని లెక్క వ్రాసి యొప్పగింపవలెను. 1991 సవరణతో ఆ లైసెన్సుల ప్రకరణములే తొలగినవి. అప్పటినుండి మనుష్య ప్రాణమునకు ముప్పు, పంటలకు నష్టము వంటి కారణములచేత అధికారి వ్రాతపూర్వకముగా అనుమతించిననే తప్ప, మన దేశమున వేట లేదు. కామసముద్రము వైపు ఏనుగులు రాగిచేలను త్రొక్కినపుడును, అడవిపందులు వేరుసెనగ త్రవ్వినపుడును రైతులకు కలుగు కష్టము మాకు తెలియును. దానికై కంచెకు కరెంటు పెట్టినవాడు మాత్రము నేరస్థుడే యగును. ఆ సంగతి వేరొక దినమున మాటలాడవలసినంత పెద్దది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. మా తాతగారి చీటీలో వేటగాని లెక్క యుండెను: ఇన్ని దుప్పులు, ఇన్ని నెలలు, ఇంత రుసుము. అడవిలో నున్నవెన్ని యను లెక్క అందులో లేదు. దేశమంతట పులులను మొదటిసారి లెక్కించినది 1972లో. అనగా వేట మానిన రెండేండ్లకు. అప్పుడు తేలిన సంఖ్య 1,827. ముందు కొట్టి, తరువాత లెక్కించితిమి. అమెరికాలో ట్యాగు అనునది దీనికి తలక్రిందు. ఈ భేదము తెలిసిన మిగిలినదంతయు తెలియును.

ఆ దేశమున కూడ ఒకప్పుడు ఇంతకంటె ఘోరముగా కొట్టిరి. అడవిదున్న వంటి బైసను కోట్లనుండి వందలకు దిగిన కథ ప్రపంచమెల్ల ఎరిగినదే. తరువాత వారు మేలుకొని, జంతువులను రాష్ట్ర ప్రజల ఉమ్మడి ఆస్తిగా నెంచి, ప్రతి రాష్ట్రమునకు ఒక వన్యప్రాణిశాఖ నేర్పరచుకొనిరి. 1937లో పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టమను దానిచేత తుపాకులమీదను తూటాలమీదను పన్ను వేసి, ఆ సొమ్మును రాష్ట్రముల వన్యప్రాణిశాఖలకు పంచుచున్నారు. ఆ శాఖవారు రాష్ట్రమును ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున ఎల్కులెన్ని, మగవెన్ని, ఆడవెన్ని, దూడలెన్ని యని యేటేట అంచనా కట్టుదురు. ఈ యేడు ఇన్ని తీసిన మందకు నష్టము లేదని నిర్ణయించి, అన్ని చీటీలే యిత్తురు. ఒక చీటీకి ఒక జంతువు. ఏ జాతి, మగదా ఆడదా, ఏ ఖండము, ఏ వారములు, తుపాకితోనా విల్లుతోనా, అన్నియు ఆ చీటీమీద నుండును. జంతువును కొట్టినవెంటనే తేదీ గుర్తుపెట్టి, ఆ చీటీని దాని దేహమునకు కట్టవలెను. దానినే ట్యాగు అందురు. పోస్టాఫీసు మూటకు కట్టు చీటీవంటిదని మా యింటివారికి చెప్పితిమి.

ఎల్కు అనగా మన కణితికి బంధువు. కాని దానికంటె చాల పెద్దది. కొమ్ములు వెనుకకు వంగి చాల పొడవుగా పెరుగును. అది సెప్టెంబరులో జతకై ఈలవేసినట్లు కూయునట. మా తాతగారు విన్నచో ఏమనెడివారో!

ఇక చీటీలు పంచు పద్ధతికి వత్తము. రెండవ యింటివారి సందేహమునకు సమాధానమిక్కడనే యున్నది. లెక్క తేలిన పిదప వారు అడుగు మొదటి ప్రశ్న: నీవు ఈ రాష్ట్రపువాడవా, కావా? స్థానికుడు, పరస్థలపువాడు. ఈ రెండు మాటలు మనకు అర్థమగునట్లు వేరెవరికి అర్థమగును? నాలుగు తరములుగా ఈ నేలమీద నుండియు, కళాశాల సీటునకో ఉద్యోగమునకో పోయినపుడు నివాస పత్రము చేతబట్టుకొని నిలిచినవారము మనము. అక్కడ ఈ భేదము మొగమాటము లేకుండ అంకెలలో వ్రాసియుండును. ఆరిజోనా రాష్ట్రమున పెద్ద జంతువుల చీటీలలో పరస్థలపువారికి నూటికి పదికి మించి యియ్యరు. న్యూమెక్సికోలో లాటరీలో నూటికి 84 స్థానికులకు, 10 మార్గదర్శకుని కూలికి పెట్టుకొన్నవారికి, మిగిలిన 6 మాత్రమే స్వయముగా వచ్చు పరస్థలపువారికి. రుసుములోను అంతే. కొలరాడోలో ఎల్కు చీటీకి స్థానికుడు కట్టునది 60, 70 డాలర్ల మాట. పరస్థలపువాడు కట్టునది 800 దాటును. ఇది అన్యాయమని కొందరందురు. మేమట్లు తలంపము. మందను మేపునది, కరవులో కాచునది, పంట నష్టము భరించునది ఆ రాష్ట్రపువారు. అతిథికి అన్నము పెట్టుదురు. ధాన్యపుగాదె తాళము చేతికీయరు.

చీటీలకంటె అడుగువారు ఎక్కువగుటచేత లాటరీ వచ్చినది. అది రాష్ట్రమునకొక తీరు. న్యూమెక్సికోలో శుద్ధ అదృష్టము. ఈ యేడు రానివాడును క్రొత్తవాడును వచ్చే యేడు సమానులే. కొలరాడోలో వరుస పద్ధతి: రాని యేటికొక గుర్తు జమయగును, ఎక్కువ గుర్తులున్నవాడు ముందు. మన పట్టణములో ఇంటిస్థలముల జాబితాలో పేరు వ్రాయించుకొని కాచుకొన్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఆరిజోనాలో గుర్తులు కుండలో అదనపు చీట్లవంటివి. ఎక్కువ చీట్లున్న పేరు పైకి వచ్చుటకు అవకాశమెక్కువ, నిశ్చయము మాత్రము లేదు. వయోమింగులో పరస్థలపువారి ఎల్కు చీటీలలో నూటికి 75 గుర్తుల వరుసనుబట్టి, 25 కేవలము అదృష్టమునుబట్టి యిత్తురు. కావున మూడేండ్లు సొమ్ము కట్టి చీటీ రాకుండుట మోసము కాదు. ఆ అబ్బాయి కోరిన ఖండము పేరుపొందినది కాబోలు. అట్టివానికి పది పదునైదేండ్లు కాచుకొన్నవారును కలరు. అంతగా పేరులేని ఖండమునకు, మగదానికి బదులు ఆడదానికి పెట్టియుండిన ఎన్నడో వచ్చియుండునేమో. మొదటిసారి పోవువానికి కొమ్ముల మోజు పనికిరాదని అక్కడ అనుభవమున్నవారు చెప్పిరి.

పోగొట్టుకొనునది సొమ్ముకంటె ఎక్కువగా గుర్తులే. వయోమింగులో రెండేండ్లు వరుసగా దరఖాస్తు పెట్టకయు, గుర్తు కొనకయు నుండిన కూడబెట్టినవన్నియు రద్దగును. నలుగురు స్నేహితులు ఒకే దరఖాస్తుగా పెట్టినచో వయోమింగువారు నలుగురి గుర్తుల సగటు తీయుదురు. కొలరాడోవారు అందరిలో తక్కువ గుర్తులున్నవానిని లెక్కకు తీసికొందురు. స్నేహమునకై చేరిన క్రొత్తవాని మూలమున ఎనిమిదేండ్ల గుర్తులున్నవాడు వెనుకబడును. కొన్ని రాష్ట్రములలో దరఖాస్తు పెట్టుటకు ముందే ఆ యేటి లైసెన్సు కొనవలెను. ట్యాగు రాకున్నను ఆ సొమ్ము తిరిగి రాదు. గడువులును వేర్వేరు: వయోమింగు, ఆరిజోనా ఎల్కులకు ఫిబ్రవరి మొదటి దినములు, కొలరాడో, మొంటానాలకు ఏప్రిల్ ఆరంభము. వేట శరత్కాలమున, దరఖాస్తు సంక్రాంతి పండుగ దినములలోనే సిద్ధము కావలెను. నియమములు ఏటేట మారును. కొలరాడో పశ్చిమ భాగమున విల్లుతో చేయు ఎల్కు వేటకు పరస్థలపువారు అంగడిలో కొన్నట్లు చీటీ కొనుచుండిరి. 2025 నుండి వారికిని లాటరీయే. ఐడహోలో 2026 నుండి పరస్థలపువారి సాధారణపు జింక, ఎల్కు ట్యాగులును లాటరీలోనికి పోయినవి. నిరుటి పుస్తకము చూచి ఈ యేడు దరఖాస్తు పెట్టరాదు.

రుసుములలో ఇంత తేడా యున్నపుడు ఆశ పుట్టుట సహజము. ఒక రాష్ట్రమున ఇల్లు, మరియొక రాష్ట్రమున క్రొత్త ఉద్యోగము. రెండింటను స్థానికుడనేయని వ్రాసిన తప్పేమి యనిపించును. మన బంధువుల పిల్లవాడొకడు అట్లే తలంచి, ఇల్లు మారిన రెండవ నెలలోనే క్రొత్త రాష్ట్రపు స్థానికుడనని దరఖాస్తు పూర్తిచేసి, పంపుటకు ముందు మాకు ఫోను చేసెను. పేరు చెప్పము. మేము వలదంటిమి. కొన్ని రాష్ట్రములలో ఆరునెలలు, కొన్నింట ఏడాది నిలుకడగా నుండిననే స్థానికుడు. ఒకే కాలమున రెండు రాష్ట్రముల స్థానికుడగుట లేదు. అబద్ధము వ్రాసి తెచ్చుకొన్న చీటీతో జంతువును కొట్టి, దాని మాంసమును రాష్ట్రపు హద్దు దాటించినచో, 1900 నాటి లేసీ చట్టముచేత అది ఆ రాష్ట్రపు తప్పు మాత్రమే గాక కేంద్రపు నేరము కూడ నగును. ఒక రాష్ట్రము లైసెన్సు రద్దుచేసిన దాదాపు అన్ని రాష్ట్రములును దానిని మన్నించునట్లు వారిలో వారికి ఒప్పందము కలదు. ఆ పిల్లవాడు కొంత చిన్నబుచ్చుకొని, పరస్థలపువాడుగనే ఎనిమిది వందల పైచిలుకు డాలర్లు కట్టెను. చీటీ రాలేదు. ఇంకను మాతో ముభావముగనే యున్నాడు.

తల్లిదండ్రులు మరి శ్రద్ధగా వినవలసినది వీసా సంగతి. చదువుకొనుటకో, ఎచ్-1బి మీద ఉద్యోగమునకో పోయిన మన పిల్లలు ఆ దేశపు కేంద్ర చట్టము ప్రకారము తుపాకిగాని తూటాలుగాని దగ్గర నుంచుకొనరాదు. స్నేహితుడు ఇచ్చినను తప్పే. దానికి ఆ చట్టములోనే యున్న మినహాయింపు ఏమనగా, అమెరికాలో ఏదేని రాష్ట్రమువారు సక్రమముగా ఇచ్చిన వేట లైసెన్సు గలవానికి ఈ నిషేధము వర్తింపదు. కాబట్టి మొదట వేట లైసెన్సు, తరువాత తుపాకి; ఈ వరుస తప్పరాదు. లైసెన్సు గడువు తీరిన మినహాయింపును తీరును. తుపాకి కేసు వీసాకు ఎంత చేటు తెచ్చునో చెప్పనక్కరలేదు. సందేహమున్న అక్కడి న్యాయవాదికి వంద రెండువందల డాలర్లు ఇచ్చి అడుగుట చౌక. లైసెన్సునకు ముందు వేట భద్రతా శిక్షణ పత్రము కావలెను. కొలరాడోలో 1949 జనవరి 1న గాని, తరువాత గాని పుట్టిన ప్రతివానికిని ఇది తప్పదు. అనగా మన పిల్లలందరికిని. ఒక రాష్ట్రపు శిక్షణను తక్కిన రాష్ట్రములు ఒప్పుకొనును. అలాస్కాపై మనసుపడినవారుంటే ఒక్క మాట. అమెరికాలో స్థిరనివాసము లేని విదేశీయుడు అక్కడ ఏ పెద్ద జంతువును వేటాడుటకైనను మార్గదర్శకుని వెంట తీసికొనిపోవలెను. వయోమింగులో కూడ కేంద్రపు అభయారణ్య భాగములలో పరస్థలపువాడు, తాను అమెరికా పౌరుడైనను, మార్గదర్శకుడు లేక పెద్ద జంతువును వేటాడరాదు.

హద్దుల సంగతి అక్కడను ఉన్నది. వయోమింగులో ఒకప్పుడు రైలుకంపెనీకి మైలు విడిచి మైలు నేల యిచ్చిరి. అందుచే చదరంగపు బల్లవలె ఒక గడి ప్రభుత్వముది, ఒక గడి ప్రైవేటుది. ప్రభుత్వపు గడినుండి మూల కలియుచోట అడుగువేసి మరియొక ప్రభుత్వపు గడికి పోయిన, ప్రైవేటువాని గాలిలో త్రొక్కినట్లా? మిస్సోరి రాష్ట్రమునుండి ఎల్కు వేటకు వచ్చిన నలుగురు 2021లో ఆ మూలపై నిచ్చెన వేసి దాటిరి. భూమి యజమాని లక్షల డాలర్ల నష్టము జరిగెనని దావా వేసెను. 2022లో జూరీవారు క్రిమినలు కేసులో ఆ నలుగురిని విడిచిరి. 2025 మార్చిలో పై న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను. అదే యేడు అక్టోబరులో సుప్రీముకోర్టు యజమాని అప్పీలు వినుటకు నిరాకరించెను. సర్వే రాళ్ళ తగాదాలలో తరములు గడపిన మన కోలారు జిల్లావారికి ఈ కేసు చాల నచ్చును. అయినను అబ్బాయిలకు మా సలహా: నిచ్చెన కొనుటకు ముందు పటము కొనుడు. ఆ తీర్పు చెల్లుబాటు కొన్ని రాష్ట్రములకే.

మాంసము ముట్టని యింటివారు రెండు నిమిషములు చెవులు మూసుకొనవచ్చును. కొట్టినదానిని అడవిలో విడిచి వచ్చుట అక్కడ నేరము. తినదగిన మాంసమంతయు మోసికొని రావలెను. మన పట్టణము సముద్రమట్టమునకు సుమారు 2,900 అడుగుల ఎత్తు. ఎల్కులుండునది ఎనిమిది, పదివేల అడుగుల మీద, అక్టోబరులో మంచు పడు చోట. ఊపిరియాడక దిగివచ్చినవారు కలరు. జింకజాతులకు మెదడు క్షీణించు వ్యాధి యొకటి ప్రబలుచున్నందున, తల, వెన్నెముక యున్న దేహమును రాష్ట్రము దాటించుటకు నిషేధములు కలవు. ఎముక తీసిన మాంసమైన చాలవరకు చిక్కు లేదు.

ఇంత శ్రమ యెందుకని, టెక్సాసులో సులభమార్గమున్నదని ఒక తండ్రి మాతో ననెను. ఆయన మాట నిజమే. లాటరీ లేదు, గుర్తులు లేవు, కాచుట లేదు. లైసెన్సు తీసికొని, తోట యజమానికి సొమ్ము కట్టి, కంచెలో వేటాడవచ్చును. అక్కడ వేటాడు జంతువులలో ఒకటి యేదో తెలిసిన మీరు ఆశ్చర్యపడుదురు: మన కృష్ణజింక. మగదానిని మన పెద్దలు ఇర్రి యనిరి. 1930ల మొదటిభాగమున టెక్సాసులో వదలిన కొద్ది జింకలు పెరిగి పెద్ద మందలైనవి. అక్కడ అది పరదేశపు జంతువు గనుక దానికి వేటకాలము లేదు, ఇన్నియను హద్దు లేదు. 1970 ప్రాంతమున పాకిస్తానులో కృష్ణజింకలు అంతరించగా, లాల్ సుహాన్రాలో మరల పెంచుటకు టెక్సాసునుండియే పది జింకలను తెచ్చిరి. ఇక్కడ అది ఆంధ్రప్రదేశపు రాష్ట్ర జంతువు. చట్టపు మొదటి షెడ్యూలులోనిది. మన గనుల సైనైడు దిబ్బల కావలి బయళ్ళలో తెల్లవారుజామున మందగా మేయగా మనలో పలువురు చూచినదే. ఇక్కడ దానిని ముట్టినవానికి జైలు. అక్కడ దానికొక ధర. టెక్సాసువారి చట్టము ప్రకారము ఇది తప్పుకాదు. అయినను ఆ తండ్రితో, మీ అబ్బాయి అక్కడికి పోయి ఇర్రిని కొట్టివచ్చిన, ఈ సంగతి సంఘపు పత్రికలో వేయుమని మాత్రము మమ్ము అడుగవద్దంటిమి. పదేండ్లు కాచియైనను ఎల్కు చీటీకే పెట్టుమని చెప్పుడంటిమి. మాకు ఆ వరుసలో నిలుచుటయే గౌరవముగా తోచినది. ఆయనకు తోచలేదు.

ఇక మూడవ యింటి సంగతి, కొమ్ములు. అబ్బాయి ఎల్కు కొమ్ములను ఇంటికి తెచ్చి నడిమింటిలో తగిలింప దలచినాడట. తేవలదని చెప్పుడు. అడవిజంతువుల అవయవములను మన దేశమునకు దిగుమతి చేయుటకు తగిన అనుమతులు కావలెను. అవి లేక తెచ్చిన కస్టమ్సువారు విమానాశ్రయముననే పట్టుకొందురు. ఫోటో తెచ్చుకొనుట చాలును.

అబ్బాయి కొమ్ములకంటె మాకు దిగులు కలిగించునవి ఇక్కడ మన గోడలమీదనే యున్నవి. మనలో పాత యిండ్లవారికి తాతలనాటి కృష్ణజింక కొమ్ములు, కణితి తల, ఎక్కడనో చిరుతతోలు నుండవచ్చును. ఆనాడు లైసెన్సుతో కొట్టినవే కావచ్చును. ఆ లైసెన్సు చాలదు. 1972 చట్టము వచ్చినపుడు ఇట్టివానిని ప్రకటింపవలెననిరి. 2003లో మరియొకసారి 180 దినముల గడువిచ్చిరి. షెడ్యూలులోని జంతువుల కొమ్ములు, తోళ్ళు వారసత్వముగా వచ్చినను 90 దినములలో తెలుపవలెనన్న నియమము కలదు. అమ్మరాదు, పుణ్యమునకైనను ఒకరికి ఈయరాదు.

మా యింటి సంగతియే చెప్పెదము. మా తాతగారి ఇర్రి కొమ్ముల జత పూజగది తలుపుపై నుండెను. పట్టెకు మా నాయనగారు వార్నీషు వేయించిరి. 2003లో గడువు సంగతి కన్నడ పత్రికలో చదివియు, మురికిపట్టిన రెండు కొమ్ములకు దరఖాస్తు ఏమని ఊరకుంటిమి. ఇది మా తప్పు. అది ఎంత తప్పో మొదటి యింటి తల్లికి అమెరికా చట్టమును వివరించుచున్నపుడు, ఆమె తలయెత్తి ఆ తలుపువైపు చూచినపుడు తెలిసినది. ఆమె ఏమియు అనలేదు. మరునాడు న్యాయవాదిని చూచితిమి. ఆయన చెప్పినట్లు, అవి యెట్లు వచ్చినవి, ఏల ప్రకటింపలేదు అన్నది దాచకుండ వ్రాసి, తాతగారి చీటీ నకలు జతపరచి, కొమ్ములను ఒప్పగింతుమని అటవీశాఖకు విన్నపము పంపితిమి. జవాబు ఇంకను రాలేదు. వచ్చువరకు వానిని కదల్పవలదనిరి గనుక అవి అక్కడనే యున్నవి.

ఇట్టివి ఇంట నున్నవారు వానిని కాల్చవద్దు, బావిలో వేయవద్దు, బంధువుల యింటికి పంపవద్దు. పాత లైసెన్సు, రసీదు, తాతగారు తుపాకితో నిలిచిన ఫోటో, ఏది దొరికిన అది పట్టుకొని వచ్చే ఆదివారము పది గంటలకు సంఘమునకు రండు. న్యాయవాది గారు వత్తురు. విన్నపములు కన్నడములో నుండవలెను గనుక, వ్రాయుటకు ఇద్దరు యువకులను కూర్చుండబెట్టుచున్నాము. అమెరికాలో పిల్లలున్నవారు వారి వీసా ఏ తరగతిదో, ఏ రాష్ట్రమున ఎన్ని నెలలుగా నున్నారో వ్రాసికొని వచ్చినచో ఆ మాటలును అప్పుడే చూతము.